పెద్దవయసులో పరదేశ కాపురం

వెనుకటి రోజులలో మన గోదావరి జిల్లాలలో ఉద్యోగం విరమించిన పెద్దమనిషి ఏమి చేస్తాడో ఊరందరికీ ముందే తెలిసిపోయేది. కాశీయాత్ర చేసి వస్తాడు. ఆఖరి పిల్ల పెళ్ళి చేస్తాడు. సొంత ఊళ్ళో పెంకుటింటికి మరమ్మతు చేయించుకొని, అరుగుమీద పడకకుర్చీ వేసుకొని, వార్తాపత్రిక మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం వరకు చదువుతాడు. ఈనాడు ఆ పట్టికలో కొత్తగా మరొక పద్దు చేరింది. అదే పరదేశ కాపురం.

కోరుకొండలో కాని, రాజమండ్రిలో కాని, అమలాపురంలో కాని పింఛను పుచ్చుకొనే నలుగురు ఒకచోట చేరితే ఈ సంభాషణ వినబడక మానదు:

"ఏమండీ మాష్టారూ, కార్డు వచ్చిందాండీ?"

"ఆయ్, వచ్చిందండి. పైనెల ప్రయాణం."

"ఉండిపోవడమేనా, మళ్ళీ వచ్చెయ్యడమా?"

"అదేనండి తేలడం లేదు."

ఈ చివరి మాటలోనే కథంతా ఉన్నది. పిల్లలు రమ్మంటారు. మనుమల ముఖాలు చూడాలని పెద్దలకూ ఉంటుంది. రాజమండ్రి విమానాశ్రయం మా కోరుకొండ మండలంలోని మధురపూడిలోనే ఉన్నది గనుక, ప్రయాణం అనగానే భయపడే కాలమూ పోయింది. ప్రేమకు, ప్రయాణానికి లోటు లేదు. లోటల్లా మూడవదానికి. ఆ మూడవది అక్కడి చట్టం. అరవై ఏళ్ళు ఒక దేశపు పద్ధతులకు అలవాటు పడిన మనిషి, మరొక దేశపు పద్ధతులలోకి ఎలా ప్రవేశించాలి, అక్కడ ఎంతకాలం ఉండవచ్చు, జబ్బు చేస్తే ఎవరు చూస్తారు, ఇక్కడి ఇల్లూ పొలమూ ఏమవుతాయి అన్న విషయాలు తెలుసుకోకుండానే చాలామంది పెట్టెలు సర్దుకుంటున్నారు.

కంపెనీవారి కాలంలో ఇంగ్లీషు దొరల పద్ధతి వేరు. వయసులో ఉండగా మన దేశంలో ఉద్యోగం చేసి, విశ్రాంతికి పుట్టిన దేశం వెళ్ళిపోయేవారు. మన భాషకు నిఘంటువు కూర్చిన బ్రౌను దొర సైతం 1855లో లండను చేరుకొని, 1865లో అక్కడి విశ్వవిద్యాలయంలో తెలుగు బోధించే ఆచార్యుడై, 1884లో అక్కడే కన్నుమూశాడు. మన పెద్దలది దీనికి తలకిందుల పద్ధతి. పనిచేసినన్నాళ్ళూ సొంత దేశంలో పనిచేసి, విశ్రాంతికి పరదేశం వెళుతున్నారు. ఇది కొంచెం కష్టమైన పద్ధతి.

రంగం నేర్పిన పాఠం

పరదేశవాసం మన జిల్లాలకు కొత్త కాదు. 'రంగం వెళ్ళాడు' అన్న మాట మన తాతల నోట ఎన్నిసార్లు వినలేదు? రంగం అంటే రంగూను. కాకినాడ నుంచి, కోరంగి నుంచి ఓడలెక్కి వేలాదిమంది తెలుగువారు బర్మా చేరారు. కోరంగి రేవు పేరునుబట్టే బర్మావారు వారిని 'కొరంగీలు' అని పిలిచేవారు. రంగూను రేవులో మూటలు మోసినవారు, బియ్యపు మిల్లులలో పనిచేసినవారు చాలామంది తెలుగువారే. 1930 మే నెలలో ఆ రేవులో తెలుగు కూలీల సమ్మెకు సంబంధించి పుట్టిన అల్లర్లు చరిత్రకు ఎక్కాయి.

అప్పట్లో బర్మా మన దేశంతోపాటు ఒకే పాలన కింద ఉండేది. కనుక వెళ్ళేవాడికి తాను పరదేశం పోతున్నానన్న ఆలోచనే లేదు. కాగితం అడిగినవారూ లేరు, తీసుకొన్నవారూ లేరు. 1937లో బర్మాను ఇండియా నుంచి వేరుచేశారు. 1942లో జపాను సేనలు వచ్చినప్పుడు లక్షలాదిమంది అడవులగుండా, కొండలగుండా కాలినడకన బయలుదేరారు. 1948లో బర్మాకు స్వాతంత్ర్యం వచ్చిన ఏడే పౌరసత్వ చట్టమూ వచ్చింది. దరఖాస్తు పెట్టుకొని పౌరులయినవారు కొందరే. పెట్టుకోనివారు పుట్టి పెరిగిన వీధిలోనే విదేశీయులుగా నమోదు చేయించుకోవలసివచ్చింది. 1962లో సైనిక ప్రభుత్వం ఏర్పడింది. తరువాత దుకాణాలూ వ్యాపారాలూ జాతీయం చేశారు. 1964 మే నెలలో 50, 100 చాట్ల నోట్లు చెల్లవన్నారు. ఆ సంవత్సరాలలో ఇంచుమించు మూడు లక్షలమంది భారతీయులు బర్మా వదిలి వచ్చారని లెక్క. నగలూ నగదూ వెంట తెచ్చుకోవడంమీద కఠినమైన ఆంక్షలు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అన్న పేట పేరు ఆ కథకు మిగిలిన గుర్తు.

వచ్చినవారిలో నలభై ఏళ్ళు అక్కడ కష్టపడి, ముసలితనంలో చేతులు ఊపుకుంటూ ఓడ దిగినవారు ఎందరో. వారు చేసిన నేరం ఏమీ లేదు. ఒక దేశంలో నివసించడం వేరు, ఆ దేశపు చట్టం దృష్టిలో నివాసి కావడం వేరు. రంగం మన పూర్వులకు నేర్పిన పాఠం ఇది. అమెరికా వెళ్ళే పెద్దలు విమానం ఎక్కేముందు ఒకసారి వల్లించవలసిన పాఠమూ ఇదే.

చుట్టపు వాకిలి, ఇంటి వాకిలి

అమెరికాలో మనవారికి తలుపులు తెరిచి చాలాకాలం కాలేదు. 1923లో అక్కడి సుప్రీంకోర్టు భారతీయులు ఆ దేశపు పౌరులు కాజాలరని తీర్పు చెప్పింది. 1946లో చట్టం మార్చి, భారతదేశం మొత్తానికి ఏడాదికి 100 మందిని రానిస్తామన్నారు. 1965లో వచ్చిన వలస చట్టంతో పరిస్థితి మారింది. పౌరుల తల్లిదండ్రులకు సంఖ్యా పరిమితి తీసివేసింది ఆ చట్టమే. ఈనాడు కోనసీమ కొబ్బరితోటల మధ్య నుంచి వెళ్ళిన అమ్మగారు టెక్సాసులో మనుమరాలికి జడ వేయగలుగుతున్నదంటే ఆ మార్పే కారణం.

పెద్దలు ఆ దేశంలో ప్రవేశించడానికి రెండు వాకిళ్ళు ఉన్నవి. ఒకటి చుట్టపు వాకిలి, అనగా సందర్శకుల వీసా. రెండవది ఇంటి వాకిలి, అనగా గ్రీన్‌కార్డు.

చుట్టపు వీసా సాధారణంగా పదేళ్ళకు ఇస్తారు. ఇక్కడే పెద్ద అపోహ పుడుతుంది. పదేళ్ళ వీసా అంటే పదేళ్ళు ఉండవచ్చునని కాదు. పదేళ్ళపాటు వచ్చి తలుపు తట్టవచ్చునని అర్థం. తట్టినప్పుడల్లా ఎన్నాళ్ళు ఉండాలో నిర్ణయించేది అక్కడి విమానాశ్రయంలోని అధికారి. సాధారణంగా ఆరు నెలలు ఇస్తాడు. వీసామీది తేదీ కాదు, ఆ అధికారి ఇచ్చిన తేదీయే ముఖ్యం. గడువు పెంచమని కోరదలిస్తే అది తీరకముందే దరఖాస్తు చేయాలి. ఒక్కరోజు మించినా ఆ వీసా చెల్లకుండా పోతుంది. 180 రోజులకు మించి అనుమతి లేకుండా ఉండి బయటకు వస్తే మూడేళ్ళు, ఏడాది లేదా అంతకు మించి ఉండి వస్తే పదేళ్ళు మళ్ళీ ఆ గడప తొక్కనివ్వరు. చుట్టంగా వెళ్ళినవారు జీతానికి ఏ పనీ చేయరాదు. ఇరుగుపొరుగు పిల్లలను చూసి డబ్బు పుచ్చుకోవడం కూడా అందులోకే వస్తుంది.

ఇంటి వాకిలి సంగతి వేరు. కొడుకు కాని, కూతురు కాని అమెరికా పౌరులై, 21 ఏళ్ళు నిండినవారైతే తల్లిదండ్రులను పిలిపించుకోవచ్చు. పౌరులు కాకుండా తామే ఇంకా గ్రీన్‌కార్డుమీద ఉన్న పిల్లలకు ఆ అవకాశం లేదు. పిలిచే పిల్లలు ఒక పూచీపత్రం వ్రాసి ఇవ్వాలి. ఇది మర్యాదకు వ్రాసే ఉత్తరం కాదు. చట్టబద్ధమైన ఒప్పందం. తల్లిదండ్రులు ప్రభుత్వ సహాయం పుచ్చుకొంటే ఆ సొమ్ము కొడుకు దగ్గర వసూలు చేసే హక్కు ప్రభుత్వానికి ఉంటుంది. తల్లిదండ్రులు పౌరులయ్యేవరకో, ఇంచుమించు పదేళ్ళ ఉద్యోగపు లెక్క పూర్తయ్యేవరకో ఆ బాధ్యత తీరదు. అరవై దాటినవారు పదేళ్ళు ఉద్యోగం చేయడం జరిగే పని కాదు గనుక, పిల్లలు జన్మాంతం పూచీ పడినట్లే అనుకోవాలి.

కార్డు అంటే కాపురం

మనవారిలో చాలామంది గ్రీన్‌కార్డును ఒక గొప్ప వీసాగా భావిస్తారు. "ఏటా ఓ నెల వెళ్ళి వస్తాం, కార్డు ఉంటే మంచిదేగా" అంటారు. ఆ దేశపు చట్టం అలా భావించదు. కార్డు తీసుకొన్నారంటే కాపురం అక్కడికి మార్చారని దాని అర్థం. ఆరు నెలలు దాటి బయట ఉండి వస్తే ప్రశ్నలు మొదలవుతాయి. ఏడాది దాటితే ఆ కార్డు చూపించి లోపలికి వెళ్ళడానికి వీలుండదు. ఎక్కువకాలం ఉండవలసివస్తే బయలుదేరకముందే, అక్కడ ఉండగానే, తిరిగి ప్రవేశించే అనుమతిపత్రానికి దరఖాస్తు చేయాలి. అది రెండేళ్ళకు మించి ఇవ్వరు. ఏటేటా కొద్దివారాలు ముఖం చూపించి వచ్చేస్తే, 'మీ కాపురం ఇండియాలోనే ఉన్నది కదా, ఈ కార్డు ఎందుకు?' అని అడిగే అధికారం అక్కడి అధికారికి ఉన్నది.

2020 మార్చిలో కరోనా వచ్చి మన దేశం అంతర్జాతీయ విమానాలు నిలిపివేసింది. మామూలు రాకపోకలు మళ్ళీ 2022 మార్చికి కాని మొదలు కాలేదు. మధ్యలో ప్రత్యేక విమానాలు నడిచినా, పెద్దవయసువారు వాటిలో ప్రయాణానికి జంకారు. చుట్టపుచూపుగా అక్కడికి వెళ్ళినవారికి గడువు తీరిపోతున్నది. కార్డు ఉండి ఇక్కడికి వచ్చినవారికి ఏడాది దాటిపోతున్నది. చేతిలో లేని కారణంవల్ల ఆగిపోయినవారికి వేరే వీసా మార్గం చట్టంలో ఉన్నది కాని, ఆ కారణాన్ని రుజువు చేసుకోవలసిన భారం మాత్రం మనదే.

కార్డుతోపాటు వచ్చే చిన్న విధులు మరికొన్ని ఉన్నవి. కార్డు ఎప్పుడూ దగ్గర ఉంచుకోవాలి. ఇల్లు మారితే పదిరోజులలోగా ప్రభుత్వానికి తెలపాలి. కొడుకు ఇంటి నుంచి కూతురు ఇంటికి మకాం మార్చినా ఇది వర్తిస్తుంది. అన్నిటికన్న పెద్దది పన్ను. కార్డు ఉన్నవారు ప్రపంచంలో ఎక్కడ వచ్చిన రాబడినైనా అక్కడి పన్నులవారికి చూపించాలి. రాజమండ్రి బ్యాంకులోని డిపాజిట్టుమీద వడ్డీ, కోరుకొండ ఇంటి అద్దె, పింఛను అన్నీ లెక్కలోకి వస్తాయి. విదేశీ ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటితే వేరే పత్రం దాఖలు చేయాలి. ఉద్యోగ విరమణ నాడు వచ్చిన గ్రాట్యుటీ సొమ్ము డిపాజిట్టు చేసుకొన్న ఏ మాష్టారి ఖాతా అయినా ఆ గీత దాటే ఉంటుంది. ఒకే రాబడిమీద రెండు దేశాలూ పూర్తిగా పన్ను వేయకుండా ఒప్పందం ఉన్నది. కాని పన్ను పడకపోయినా, చూపించవలసిన బాధ్యత పోదు. చూపించనందుకు వేసే జరిమానాలు బరువైనవి.

ఐదేళ్ళ గడువు

ఇప్పుడు అసలు చిక్కుకు వద్దాం. అది ఆరోగ్యం.

అమెరికాలో 65 ఏళ్ళు దాటినవారికి మెడికేర్ అనే ప్రభుత్వ వైద్య భీమా ఉన్నది. పదేళ్ళు ఉద్యోగం చేసి ఆ పన్ను చెల్లించినవారికి అందులో ఆసుపత్రి భాగం ఉచితం. మన పెద్దలు ఆ దేశంలో ఉద్యోగం చేసినవారు కారు. కనుక వారు కార్డు తీసుకొని వరుసగా ఐదేళ్ళు అక్కడ నివసించిన తరువాత, డబ్బు కట్టి చేరవచ్చు. 2025లో ఆసుపత్రి భాగానికి నెలకు 518 డాలర్లు, డాక్టరు భాగానికి 185 డాలర్లు. మనిషికి నెలకు 703 డాలర్లు అన్నమాట. దంపతులకు దానికి రెట్టింపు.

మరి ఆ ఐదేళ్ళూ ఎలా గడవాలి? బయట భీమా కొనుక్కోవాలి. చుట్టపుచూపుగా వెళ్ళేవారికి అమ్మే భీమాలు చాలావరకు పాత జబ్బులకు వర్తించవు. అరవై దాటినవారికి చక్కెర జబ్బో, రక్తపు పోటో పాతది కాక కొత్తది ఎక్కడిది? ప్రాణంమీదికి వస్తే 911కు ఫోను చేస్తే అంబులెన్సు వస్తుంది. 1986 నాటి చట్టం ప్రకారం, డబ్బు ఉన్నా లేకపోయినా, అత్యవసర విభాగంలో రోగిని పరీక్షించి ప్రాణాపాయం తప్పించే ప్రయత్నం చేసి తీరాలి. ఆ తరువాత బిల్లు మాత్రం ఇంటికి వస్తుంది. అది చూసి కొడుకు ముఖం ఎలా మారుతుందోనని తండ్రి గుండెనొప్పిని అజీర్తి అని చెప్పుకొనే సందర్భాలు ఊహించడం కష్టం కాదు.

పెద్దల మనసులోని సందిగ్ధం ఇక్కడే ఉన్నది. ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్ళు ఎవరికైనా సొంత ఊరే సుఖం. ఓపిక తగ్గిన తరువాత, జంటలో ఒకరు పోయిన తరువాత, పిల్లల దగ్గరకు వెళ్ళాలనిపిస్తుంది. న్యాయమైన కోరికే. కాని అవసరం వచ్చినప్పుడు వెళదామంటే ఐదేళ్ళ గడువు అడ్డం నిలుస్తుంది. అవసరం రాకముందే వెళితే ఇక్కడి మంచి సంవత్సరాలు వదులుకోవాలి. డెబ్బై ఏళ్ళు నిండిన ఒంటరి తల్లి మొదటిసారి కార్డు తీసుకొంటే, డెబ్బై అయిదవ ఏటివరకు ఆమె వైద్యం కొడుకు జేబుమీదనో, ఖరీదైన భీమామీదనో నడవాలి. ఈ లెక్కను పిల్లలూ పెద్దలూ కలిసి కూర్చొని, మొగమాటం లేకుండా ముందే వేసుకోవాలి. మన ఇళ్ళలో ప్రేమ గురించి మాట్లాడతారు కాని, డబ్బు గురించి తండ్రీకొడుకులు మాట్లాడుకోరు. పరదేశంలో ఈ మొగమాటం పనికిరాదు.

కరివేపాకు కథ

పెద్ద చట్టాలు కాక నిత్యజీవితంలో ఎదురయ్యే చిన్న చట్టాలు ఉన్నవి. మొదటిది విమానం దిగగానే ఎదురవుతుంది. తిండి వస్తువులు ఏమి తెచ్చారో చెప్పమంటారు. ఆవకాయ, పొడులు, పూతరేకులు చెప్పి తీసుకుపోవచ్చు. పచ్చి మామిడికాయ, మాంసం, విత్తనాలు పనికిరావు. పచ్చి కరివేపాకు అసలే కూడదు. కరివేపాకు నిమ్మజాతి మొక్కలకు చుట్టం. దానిమీద వాలే ఒక చిన్న పురుగు నిమ్మ, నారింజ తోటలకు ప్రాణాంతకమైన తెగులు అంటిస్తుంది. మనకు అది పోపులోని రెబ్బ, వారికి ఒక రాష్ట్రపు తోటల బ్రతుకు. చెప్పితే మహా అయితే చెత్తబుట్టలో వేస్తారు. దాచితే జరిమానా. నగదు సైతం 10,000 డాలర్లు మించితే చెప్పాలి.

మందులు మన వీధిచివరి దుకాణంలోవలె చేయి చాపితే దొరకవు. డాక్టరు చీటీ ఉండాలి. కనుక వెళ్ళేటప్పుడే చీటీతో సహా సరిపడా మందులు పట్టుకుపోవాలి. ఇంట్లో మిరపకాయలు మాడే పోపు వేస్తే పొగను పసిగట్టే గంట మోగుతుంది. చాలా కాలనీలలో వరండాలో తడిచీరలు ఆరవేయడానికి వీలులేదని నిబంధన. పసిపిల్లను కారులో ఒంటరిగా వదిలి దుకాణంలోకి వెళ్ళడం చాలా రాష్ట్రాలలో నేరం. మారాం చేసిన మనుమడిమీద తాతగారు చెయ్యి చేసుకొంటే పొరుగువారు పోలీసులకు చెప్పవచ్చు. వీటిలో ఏదీ మనలను ఉద్దేశించి చేసినది కాదు. ఏ రోటికాడ ఆ పాట పాడాలన్నారు పెద్దలు.

కాలక్షేపం మరొక సంగతి. ఊరి బయటి కాలనీలలో కారు నడపలేని మనిషి ఇంట్లో బందీయే. గుడికి వెళ్ళాలన్నా శనివారం కొడుకుకు తీరికయ్యేవరకు ఆగాలి. పిట్స్‌బర్గులో శ్రీ వేంకటేశ్వరాలయం 1976-77లో వెలసిన తరువాత గుడులకు కొదవ లేదు. తెలుగు సంఘాలకూ లేదు. కాని నడిచిపోయే దూరంలో నలుగురు మనుషులు ఉండే సుఖం వేరు. అందుచేత కాపురం పెట్టదలచినవారు బస్సులు తిరిగే చోటు, తోటి పెద్దలు ఉండే చోటు అయితే మంచిదని పిల్లలకు ముందే చెప్పాలి.

కాపురం స్థిరపడి ఐదేళ్ళయిన తరువాత పౌరసత్వానికి అర్హత వస్తుంది. ఇంగ్లీషు పరీక్ష ఉన్నది. అయితే 55 ఏళ్ళు దాటి, కార్డుతో 15 ఏళ్ళు నివసించినవారికి, 50 దాటి 20 ఏళ్ళు నివసించినవారికి ఇంగ్లీషు మినహాయింపు. వారు దుబాసీని పెట్టుకొని తెలుగులోనే జవాబులు చెప్పవచ్చు. 65 దాటి 20 ఏళ్ళు నివసించినవారు చదువుకోవలసిన ప్రశ్నలు 20 మాత్రమే. అమెరికా రాజ్యాంగాన్ని గురించి తెలుగులో జవాబులు చెప్పే బామ్మగారిని తలచుకొంటే తెలుగు పంతులుకు సంతోషమే కదా!

ఇక్కడి చట్టమూ వదలదు

పరదేశం వెళ్ళినంత మాత్రాన స్వదేశపు నిబంధనలు తీరిపోవు. స్థిరంగా వెళ్ళినవారు తమ మామూలు బ్యాంకు ఖాతాను ప్రవాసుల ఖాతాగా మార్పించుకోవాలి. ఉన్న పొలం ఉంచుకోవచ్చు. వారసత్వంగా వచ్చినదీ పుచ్చుకోవచ్చు. కాని ప్రవాసులు వ్యవసాయభూమి కొత్తగా కొనరాదు. పొలం చూసేవారికి పవరాఫ్ అటార్నీ అక్కడి నుంచి పంపితే, ఆ కాగితం ఇక్కడికి చేరిన మూడు నెలలలోగా స్టాంపు వేయించాలి.

పింఛనుదారులకు మరొక వింత విధి ఉన్నది. తాము బ్రతికి ఉన్నామని ఏటా ఋజువు చేసుకోవాలి. పూర్వం ఖజానా కార్యాలయం మెట్లెక్కి, గుమాస్తాకు ముఖం చూపించి, సంతకం పెట్టి వచ్చేవారు. 2014లో జీవన్ ప్రమాణ్ పేరుతో వేలిముద్రల పద్ధతి వచ్చింది. 2021లో చేతిఫోనులో ముఖం చూపించే వీలు కల్పించారు. విదేశంలో ఉన్నవారు మన దూతకార్యాలయం ద్వారా కూడా ధ్రువపత్రం పంపవచ్చు. ఏ నెలలో పంపాలో తమ పింఛను కార్యాలయంలో కనుక్కొని, గోడక్యాలెండరుమీద వ్రాసుకొని మరీ వెళ్ళాలి. పంపకపోతే పింఛను ఆగిపోతుంది.

అమెరికా పౌరసత్వం తీసుకొన్ననాడు మన పౌరసత్వం పోతుంది. 1955 నాటి మన చట్టం రెండు పౌరసత్వాలను ఒప్పుకోదు. దానికి బదులు ఓసీఐ కార్డు తీసుకోవచ్చు. 2006 జనవరిలో హైదరాబాదులో జరిగిన ప్రవాసుల సభలోనే ఆ కార్డులు మొదట ఇచ్చారు. దానితో ఎప్పుడైనా రావచ్చు, ఎంతకాలమైనా ఉండవచ్చు. ఓటు మాత్రం ఉండదు. యాభై ఏళ్ళు క్రమం తప్పక ఓటు వేసిన మనిషికి అది చిన్న సంగతి కాదు.

తక్కిన దేశాలు

పిల్లలందరూ అమెరికాలోనే ఉండరు. కెనడావారు పౌరుల, స్థిరనివాసుల తల్లిదండ్రులకు ప్రత్యేక వీసా ఇస్తారు. 2022 జులై నుంచి ఒక్కొక్క రాకకు ఐదేళ్ళవరకు ఉండవచ్చు. వైద్య భీమా ముందే కొని చూపించాలి. మొదట చూచి రాదలచినవారికి ఇది మంచి ఏర్పాటు. ఆస్ట్రేలియావారు బిడ్డలలో కనీసం సగంమంది అక్కడ స్థిరపడి ఉండాలంటారు. ఎక్కువ రుసుము కట్టలేనివారి వరుస మూడు దశాబ్దాలు సాగుతుంది. డెబ్బై ఏళ్ళవారికి ఆ మాట చెప్పడం లేదని చెప్పడమే. ఇంగ్లండులో 2012 జులై నుంచి, స్వదేశంలో ఏ విధంగానూ చూసేవారు లేక, నిత్యం ఒకరి సాయం లేనిదే గడవనివారికి మాత్రమే అనుమతి.

మన డెల్టా నుంచి కువాయిటుకు, తక్కిన గల్ఫు దేశాలకు వెళ్ళినవారి సంగతి మరొకటి. అక్కడ నివాసం ఉద్యోగంతో ముడిపడి ఉంటుంది. ఉద్యోగం తీరిననాడు ప్రయాణం కట్టవలసిందే. దుబాయివారు 2020లో 55 దాటినవారికి విశ్రాంతి వీసా పెట్టారు. ఆస్తి, పొదుపు, నెలసరి రాబడి చూపగలిగిన కలవారికే అది అందుతుంది. జీవితమంతా అక్కడ ఇళ్ళలో పాచిపని చేసి పిల్లలను చదివించిన మన పల్లెల ఆడవారికి కాదు.

చివరి ప్రయాణం

మాట్లాడడానికి ఎవరూ ఇష్టపడని విషయం ఒకటి మిగిలింది. మన గోదావరి ప్రాంతపు మనిషికి ఎక్కడ పోయినా చివరకు ఆ నీళ్ళలో కలవాలని ఉంటుంది. అక్కడ దహనం అంత్యక్రియల సంస్థవారి చేతులమీదుగా, మరణ ధ్రువపత్రమూ అనుమతులూ పుట్టిన తరువాతనే జరుగుతుంది. పార్థివదేహాన్ని స్వదేశం తేవాలంటే శరీరం చెడకుండా చేయించాలి, పాస్‌పోర్టు రద్దు చేయించాలి, మన దూతకార్యాలయం అనుమతి పొందాలి. ఖర్చూ ఎక్కువ, రోజులూ ఎక్కువ. అస్థికలు తేవడం సులభం. మరణ ధ్రువపత్రం, దహన ధ్రువపత్రం, దూతకార్యాలయం ఇచ్చే పత్రం ఉంటే చాలు. తన కోరిక ఏదో పెద్దవారు బ్రతికి ఉండగానే కాగితంమీద వ్రాసి పెడితే, ఆ దుఃఖ సమయంలో పిల్లలు తడబడకుండా ఉంటారు. ఇది అమంగళం కాదు. పిల్లలమీద దయ.

ఎవరు ఎలా వెళ్ళాలి?

దంపతులిద్దరూ ఆరోగ్యంగా ఉండి, ఇక్కడ ఇల్లూ స్నేహాలూ ఉన్నవారికి చుట్టపు వాకిలే మేలు. ఆరు నెలలలోపు ఉండి, మనుమలను చూసి, ఫాల్గుణంలో కోరుకొండ తీర్థానికి తిరిగి రావచ్చు. పిల్లలందరూ అక్కడ పౌరులై, ఇక్కడ చూసేవారు ఎవరూ లేనివారు మాత్రం ఆలస్యం చేయరాదు. అరవైలోనే కార్డు తీసుకొని, నిజంగానే కాపురం మార్చి, అరవై అయిదు నాటికి ఐదేళ్ళు పూర్తి చేసుకోవాలి. ఈ రెంటికీ మధ్య, కార్డు అక్కడ, కాపురం ఇక్కడ అన్నవారు రెంటికి చెడ్డ రేవడి అవుతారు.

ఏ దారి ఎన్నుకొన్నా కాగితాలన్నీ ఒక సంచిలో ఉంచుకోండి. నిబంధనలు తరచు మారుతాయి గనుక బయలుదేరేముందు ఆయా ప్రభుత్వాలవారి ప్రకటనలు చూసి సరిచూసుకోండి. పక్కింటివారి అనుభవం పక్కింటివారిది. అన్నిటికన్న ముందు, నిర్ణయం మీరే చేయండి. పిల్లలు ప్రేమకొద్దీ దరఖాస్తు పంపితే మొగమాటానికి సంతకం పెట్టకండి. నెలకు ఎంత ఖర్చు, జబ్బు చేస్తే ఎలా, తిరిగి రావాలనిపిస్తే ఎలా అని మూడు ప్రశ్నలు అడగండి. అబ్బాయి జవాబు చెప్పగలిగితే నిశ్చింతగా వెళ్ళండి. చెప్పలేకపోతే ముందు ఆరు నెలలు చుట్టంగా వెళ్ళి రండి. ఇల్లు మాత్రం తొందరపడి అమ్మకండి.